రాత్రి రెండైనా నిద్ర పట్టదు

ప్రశ్న: మేడమ్, మాది ఆదోని దగ్గర పల్లె. అనంతపురం హాస్టల్లో చేరి నెలైంది. రాత్రి రెండు దాకా ఫోన్ చూస్తాను, పొద్దున టిఫిన్ మానేసి క్లాసుకు పరుగెత్తుతాను. ఇల్లు గుర్తొస్తే ఏడుపొస్తోంది. ఇక్కడ చదవగలనా?

జవాబు: చదవగలవమ్మా. కడప నుంచి హాస్టలుకొచ్చిన కొత్తలో నేను నెలంతా ట్రంకుపెట్టె విప్పనేలేదు, ఏ రోజైనా బస్సెక్కేయొచ్చని! ముందు నిద్ర సంగతి చూడు. ఫోన్ దిండు కింద కాదు, చేతికందనంత దూరంలో చార్జింగ్ పెట్టు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు. ఆదివారమైనా అదే టైముకు లేవాలి. ఇదే కష్టం, మొదటి వారం తిట్టుకుంటావు. ఇంటికి రోజూ ఒక్కసారి మాట్లాడితే చాలు. రెండు వారాలైనా ఏడుపు తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇక టిఫినంటావా, ఉగ్గాని, బజ్జీ పెట్టే ఊళ్లో ఉండి మానేస్తానంటే నేనొప్పుకోను.