తూము పక్కన రాయి

"రాజుల చరిత్రంతా యుద్ధాలూ పట్టాభిషేకాలే కదా, ఆ రోజుల్లో మామూలు జనం ఎలా బతికారో తెలుసుకునే దారి ఏమైనా ఉందా?" అని మీరు అడిగారు. ఉంది. ఏదైనా పాత చెరువు కట్ట ఎక్కండి.

నేను చిన్న నీటిపారుదల పనుల్లో 31 ఏళ్ళు ఇంజనీరుగా చేసి, రిటైరై హైదరాబాద్ కొత్తపేటలో ఉంటున్నాను. చరిత్రలో డిగ్రీ లేదు. మన రాజుల గురించి నాకు తెలిసిందంతా చెరువు నీటిని పొలాలకు వదిలే తూముల దగ్గర, నిండిన నీరు పొంగిపోయే అలుగుల దగ్గర తెలుసుకున్నదే. అయినా పుస్తకాలు చదివిన వాళ్ళకంటే నాకే రాజులు బాగా తెలుసని నా నమ్మకం.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. నల్లగొండ జిల్లాలో ఒక పల్లె చెరువుకు గండి పడింది. గండి పూడ్చి, కట్ట లోపలి వైపు రాయి పేర్చే పని నాకు అప్పగించారు. వానలు దగ్గరపడుతున్నాయి, పైనుంచి ఒకటే టెన్షన్. రాయి తక్కువ పడింది. కాంట్రాక్టరు మనిషి తూము పక్కన నిలువుగా పాతి ఉన్న ఒక బండను చూపించి, "దీన్ని పగలగొడితే చానా రాయి ఎల్తది సార్" అన్నాడు. నేను సరే కానియ్యమన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

సమ్మెట ఎత్తేలోపే నీరడి తాత అడ్డం వచ్చాడు. తూము తీసి మూసి, ఎవరి మడికి ఎంత నీరు పారాలో చూసే మనిషిని మా దిక్కు నీరడి అంటారు. "సారూ, గా రాయి జోలికి పోవద్దు. నీళ్ళ పంచాయితి వస్తే మా తాత, మా నాయిన గా రాయి మీద చెయ్యి వెట్టి ఒట్టు తిన్నరు. మీకు రాయే గావాల్నంటే నా ఇంటి అరుగు ఇప్పుకపోండ్రి" అన్నాడు.

అని ఊరుకోలేదు. రాయి మీది నాచు అరచేత్తో తుడిచాడు. పైన సూర్యుడు, చంద్రుడు, వాటి మధ్య లింగం. కింద వరసలు వరసలుగా అక్షరాలు. తెలుగు మీడియంలో చదువుకున్న నేను ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. తాతకు చదువే రాదు, కానీ ఏ వరసలో ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ పెచ్చు లేచిందో ఆయన వేళ్ళకు తెలుసు.

కాలేజీలో తెలుగు చెప్పే స్నేహితుణ్ణి ఆ తర్వాతి ఆదివారం వెంటబెట్టుకుపోయాను. శాసనం అచ్చు తీయడం చూడటం నాకదే మొదలు. ముందు రాయి కడిగి, అక్షరాల సందుల్లో మట్టిని పుల్లతో గీకాడు. తడిపిన కాగితం రాయి మీద పరిచి, గాలి బుడగ లేకుండా, గట్టి బ్రష్‌తో కొడుతూ పోయాడు. కాగితం గాట్లలోకి దిగిపోయింది. కాస్త ఆరాక గుడ్డ ఉండకు నల్ల సిరా పట్టించి మెల్లగా అద్దాడు. రాయి మిట్టగా ఉన్నచోటల్లా కాగితం నల్లబడింది, ఉలి దిగినచోట తెల్లగా నిలిచింది. అప్పటిదాకా బండ మీద గరుకులా కనిపించింది కాస్తా రాతగా తేలింది. నా ఒంటి మీద రోమాలు లేచాయి.

"స్వస్తిశ్రీ" అని మొదలైంది. శక వర్షాల అంకె, రాజు పేరు ఉండాల్సిన చోటే పెచ్చు ఊడిపోయింది. తక్కిందంతా దిట్టంగా ఉంది. చెరువు కింద ఇన్ని మఱ్తురుల (అప్పటి నేల కొలత) నేల గుడికి, కాలువ పూడిక తీసేవాడికి ఇంత పాలు, అంటే వాటా. చివర మన శాసనాల్లో తరచూ కనిపించే శ్లోకం, "స్వదత్తాం పరదత్తాం వా" అని మొదలయ్యేది. తాను ఇచ్చిన నేలైనా, ఇంకొకరు ఇచ్చిన నేలైనా లాక్కున్నవాడు 60 వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని. స్నేహితుడు అర్థం చెప్పగానే తాత, "మా నాయిన గదే చెప్పెటోడు సారూ" అన్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ చదువు లేదు. మాట మాత్రం నోటికి నోటికి అంది అక్కడిదాకా వచ్చింది.

అప్పటినుంచి ఎక్కడ శాసనం ఉందన్నా పోయి చూడటం మొదలుపెట్టాను. మీ ప్రశ్నకు నేరుగా జవాబు కావాలంటే నకిరేకల్ దగ్గర చందుపట్లకు పోండి. రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో మనకు తెలిసింది ఏ రాజకవి రాసిన కావ్యం వల్లా కాదు. ఆమె సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి అనే బంటు, రాణికీ తన నాయకుడికీ శివలోకం దక్కాలని సోమనాథ దేవుడికి కొంత భూమి ఇచ్చి రాయి వేయించాడు. తేదీ 1289 నవంబర్ 27. అది దొరకకముందు ఆమె ఇంకో ఆరేడేళ్ళు ఏలిందని రాసేవారు. ఒక బంటు తన చేతనైనంత నేల ఇస్తే, మహారాణి చరిత్ర సరిపడింది. ఇక్కడ నాకు ఒక బాధ ఉంది. రుద్రమ మా కులమంటే మా కులమని వాట్సాప్‌లో రోజూ కొట్టుకుంటారు. ఆ గ్రూపుల్లో పువ్వుల ముమ్మడి పేరు ఒక్కరి నోటా నేను వినలేదు.

ఇంజనీరుగా నన్ను కదిలించిన శాసనం ఇంకొకటి ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో, 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు రాయించాడు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిదై ఉండాలి, తీయని నీటి ఏరు కావాలి, కొండల నడుమ కట్ట మరీ పొడుగ్గా ఉండకూడదు, రాతి గని దగ్గర్లో ఉండాలి, పని తెలిసిన మనుషులు ఉండాలి. నేను సర్వీసులో రాసిన ఎస్టిమేట్లు తీసి పక్కన పెట్టి చూశాను. ఇందులో లేనిది నేను కొత్తగా రాసింది పెద్దగా ఏమీ లేదు.

ఆరు దోషాలు కూడా చెప్పాడు. కట్ట ఊట, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం! కృష్ణా నీళ్ళ కోసం మన రెండు రాష్ట్రాల తగాదా వార్తల్లో వచ్చినప్పుడల్లా నాకు ఆ దోషమే గుర్తొస్తుంది.

అందుకే కోటలు చూసి రాజును కొలవడం నాకు నచ్చదు. ఏ రాజునైనా సరే, వాడి కాలంలో కాలువ పూడిక తీసిన మనిషికి పాలు సరిగ్గా అందిందా లేదా, అదే కొలత. గోల్కొండకు చుట్టాలను తీసుకుపోతే చప్పట్లు కొట్టించి, చార్మినార్ దాకా సొరంగం ఉందని కథ చెప్పి పంపిస్తారు. అక్కడే నిలబడి, కొండ మీదికి నీళ్ళు ఎలా ఎక్కించారో, ఆ మట్టి గొట్టాలు ఎలా పనిచేశాయో పది నిమిషాలు చెబితే పిల్లలకు ఎంత బాగుంటుంది!

మన నగరమే చూడండి. హుస్సేన్‌సాగర్ 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టింది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఈయన్నే. ఈయన అధికారి అమీన్‌ఖాన్ పటాన్‌చెరులో ఉంటూ అచ్చతెలుగు కావ్యం అంకితం తీసుకున్నాడు. ఆ ఊరి పేరులోనే చెరువు ఉంది. గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగంను జనం మా సాహెబా అని పిలిచేవారు, ఆమె పేరు మీద ఉన్న చెరువే మాసాబ్ ట్యాంక్. ఇప్పుడు అక్కడ పేరుంది, చెరువు లేదు.

చెరువు పోతే ఏమవుతుందో 2020 అక్టోబర్‌లో మా వీధిలో చూశాను. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు దూకి, వాగు వెంట కింది చెరువులోకి పోతుంది. నడుమ ఒక చెరువును పూడ్చి ఇళ్ళు కట్టినా నీటి దారి మారదు, వానాకాలం వస్తే ఆ ఇళ్ళలోకే వస్తుంది. ఆ రాత్రి మా కింది వాటాలో మోకాలి లోతు నీళ్ళు. మా ఆవిడా నేనూ బియ్యం బస్తా మెట్లు ఎక్కిస్తుంటే, ఆ తాత తుడిచిన రాయీ దాని చివరి శ్లోకమూ నా కళ్ళ ముందు తిరిగాయి. చెరువు శిఖం, అంటే నీరు నిలిచే నేల, కొన్నవాడు ఎవడు, అమ్మినవాడు ఎవడు, సంతకం పెట్టినవాడు ఎవడు? ఆ శాపం ఎవరికి తగలాలి?

ఆ పల్లె రాయి ఇప్పుడు లేదు. నేను బదిలీ అయ్యాక చాలా ఏళ్ళకు కట్ట మీద రోడ్డు వెడల్పు చేశారట. తెలిసి వెళ్ళేసరికి తూము పక్కన సిమెంటు దిమ్మె ఉంది. తాత అప్పటికే పోయాడు. ఆయన కొడుకును అడిగితే, "అడ్డమొస్తుందని జేసీబీతో లేపిండ్రు సార్, ఏడేసిండ్రో తెల్వది" అన్నాడు. సగం రోజు కట్ట కింద కంపలో వెతికాను. నా దగ్గర మిగిలింది ఆనాటి కాగితం అచ్చు ఒక్కటే. స్నేహితుడు రెండు తీశాడు, ఒకటి నాకిచ్చాడు. వరద రాత్రి బియ్యం కంటే ముందు పైకి చేర్చింది దాన్నే.

మీరు హైదరాబాద్‌లోనే ఉంటే దూరం పోనక్కరలేదు. చైతన్యపురి ఫణిగిరి కాలనీలో, మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి దగ్గర గుండు మీద విష్ణుకుండిన రాజుల కాలం నాటి ప్రాకృత శాసనం ఉంది, 5వ శతాబ్దానిది. బౌద్ధ భిక్షువుల విహారం గురించి అందులో ఉంది. చార్మినార్ కంటే వెయ్యేళ్ళకు పైగా పాతది. పొద్దున్నే వెళ్ళండి, ఎండ ఏటవాలుగా పడినప్పుడే అక్షరాలు కళ్ళకు ఆనుతాయి. సున్నం ముక్కతో గీసి మాత్రం చూడకండి, పసుపు పూయకండి. ఫోన్ లైటు పక్కనుంచి పట్టుకుంటే చాలు.