ముందు మీరు చదవండి, తర్వాత ఆమెకు చెప్పండి

ప్రశ్న: నా భార్య వయసు ముప్పై నాలుగు. ఎనిమిది నెలల క్రితం లూపస్ అని తేలింది, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బట. అంతకు ముందు రెండేళ్లు కీళ్ల నొప్పులు, నీరసం, జుట్టు రాలడం. ఎవరికి చూపించినా ‘టెన్షన్ తగ్గించుకోండి’ అనేవారు. ఇప్పుడు మందులు వాడుతోంది. పైకి బాగానే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ఆమె బాధను నమ్మడం లేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా అర్థం కాదు. నెట్‌లో చదివితే భయం పెరుగుతోంది. మా ఇద్దరికీ పనికొచ్చే పుస్తకాలు చెప్పగలరా?

జవాబు: ‘నాకూ పూర్తిగా అర్థం కాదు’ అన్న మీ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పంతొమ్మిదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో ఉన్నదాన్ని, అదీ అలాంటి జబ్బే, కీళ్ల మీద దాడి చేస్తుంది. అదే మాట మా ఆయన నోట వినడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అప్పటిదాకా ఆయన అర్థమైనట్టు, నేను బాగున్నట్టు మాట్లాడుకుంటూ గడిపాం. మీరు ఎనిమిది నెలలకే ఆ మాట అనగలిగారు. అందుకే ముందు మీరు చదవాల్సింది చెబుతాను.

అది పుస్తకం కూడా కాదు, కొన్ని పేజీల వ్యాసం. పేరు ‘ది స్పూన్ థియరీ’. రాసినామె క్రిస్టీన్ మిజరాండినో, ఆమెకూ లూపసే. ఈ జబ్బుతో ఉండటం ఎలా ఉంటుందని స్నేహితురాలు అడిగితే, బల్లల మీదున్న చెంచాలు పోగుచేసి పన్నెండు ఆమె చేతిలో పెట్టింది. ఇవే నీ ఈ రోజు ఓపిక, ఏ పని చేసినా ఒకటి నాకు తిరిగి ఇచ్చేయాలి అంది. స్నానం, బట్టలు, ఆఫీసుకు తయారవడం... పొద్దున్నే సగం అయిపోతాయి. మా ఆయన అది చదివిన మర్నాటి నుంచి ‘ఎలా ఉంది?’ అని అడగడం మానేసి, ‘ఇవాళ ఎన్ని చెంచాలు?’ అని అడగడం మొదలుపెట్టారు. ‘నాలుగు’ అంటే చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్లకు కూడా ముందు దీన్నే చదివి వినిపించండి.

జబ్బు గురించి తెలుసుకోవడానికి డాక్టర్ డొనాల్డ్ థామస్ రాసిన ‘ది లూపస్ ఎన్‌సైక్లోపీడియా’ మంచిది. చాలా లావు పుస్తకం. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవొద్దు. అందులో ఉన్నవన్నీ ఒకే మనిషికి రావు, కానీ వరసగా చదువుకుంటూ పోతే అన్నీ మనకే వస్తాయనిపిస్తుంది. ఈ వారం డాక్టరును ఏమి అడగాలో ఆ భాగం మాత్రం చూడండి. లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడుతుంటే కంటి పరీక్ష ఎందుకు చేయించాలి, స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఎందుకు ఆపకూడదు, ఇలాంటివి. 2023లో వచ్చిన రెండో ఎడిషన్ తీసుకోండి. లూపస్ పుస్తకం ఏది కొన్నా అచ్చయిన సంవత్సరం చూడాలి. అమెరికాలో బెలిముమాబ్ అనే లూపస్ మందుకు అనుమతి వచ్చింది 2011లో. అంతకు ముందు యాభై ఏళ్లకు పైగా లూపస్‌కంటూ కొత్త మందే రాలేదు. పాత పుస్తకం చదివితే పాత భయాలే మిగులుతాయి.

అదే కారణంతో ఇంకో మాట. అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ ఉత్తరాల పుస్తకం ‘ది హ్యాబిట్ ఆఫ్ బీయింగ్’ నాకు ప్రాణం. ఆమెకూ లూపస్, వాళ్ల నాన్న పోయిందీ దానితోనే. ఆమె 1964లో 39 ఏళ్లకే చనిపోయింది. అప్పటి వైద్యం వేరు. ఆ సంగతి మనకు తెలిసినా, ముప్పై నాలుగేళ్ల మనిషి ఆ అంకె చూడగానే లెక్క వేసుకుంటుంది. ఇప్పుడే ఇవ్వకండి.

ఆమెకు నేనిచ్చేది మేగన్ ఓరోర్క్ 2022లో రాసిన ‘ది ఇన్విజిబుల్ కింగ్‌డమ్’. ఏళ్ల తరబడి ఒంట్లో బాగోక, ఏ జబ్బో తేలక, నమ్మేవాళ్లు లేక ఈ కవయిత్రి పడ్డ అవస్థంతా అందులో ఉంది. మీ ఆవిడ పడిన ఆ రెండేళ్ల గురించి ఇప్పటికి ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడి ఉండరు. అది చదువుతూ ఏడిస్తే కంగారు పడొద్దు, ఆపొద్దు. నేనూ ఏడ్చాను.

‘బ్రెయిన్ ఆన్ ఫైర్’ మాత్రం మీకోసం. సుసానా కహలన్ అనే యువ విలేకరికి 2009లో ఒంటి రోగనిరోధక వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బు వచ్చింది. లూపస్ కాదు, వేరేది. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పండి. గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒకే పక్కన కుక్కేసింది, అది చూశాకే డాక్టరుకు సమస్య మెదడులో ఉందని తెలిసింది. ఆ నెల రోజులు ఆమెకు గుర్తే లేవు. ఆస్పత్రి వీడియోలు, అమ్మానాన్నలు రాసుకున్న నోటుపుస్తకం చూసి కథను మళ్లీ కూర్చుకుంది. ఆ నోటుపుస్తకం సంగతి చదివాకే మా ఇంట్లో కూడా ఒకటి మొదలైంది. తేదీ, నొప్పి ఎక్కడ, జ్వరం ఎంత, ఏ మందు మార్చారు, అంతే. రుమటాలజిస్టు (ఈ జబ్బులు చూసే డాక్టరు) ముందు కూర్చున్న పది నిమిషాల్లో నాకు గుర్తురానివన్నీ అందులో ఉంటాయి.

చూసుకునేవాళ్ల అలసట గురించి ఆర్థర్ క్లైన్‌మన్ ‘ది సోల్ ఆఫ్ కేర్’ (2019) చదవండి. హార్వర్డ్‌లో సైకియాట్రిస్టు. భార్య జోన్‌కు అల్జీమర్స్ వస్తే పదేళ్ల పాటు చూసుకున్నారు. జబ్బు వేరైనా మనసు ఒకటే. కోపం వచ్చిన రోజుల్ని ఆయన దాచలేదు. మీకూ అలాంటి రోజులు వస్తాయి.

ఒక రకం పుస్తకాన్ని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. మందులు ఆపితేనే జబ్బు పోతుందని చెప్పే పుస్తకం. జబ్బు వచ్చిన మూడో ఏట, ప్రేమతోనే, ఒక బంధువు నాకు అలాంటిది ఇచ్చారు. నమ్మి రెండు నెలలు మాత్రలు మానేశాను. ఆ రెండు నెలల్లో దెబ్బతిన్న కుడి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆహారం గురించి, నిద్ర గురించి ఏ పుస్తకం ఏం చెప్పినా వినండి, కానీ ‘మందు ఆపు’ అన్న పేజీ దగ్గర పుస్తకం మూసేసి డాక్టరుకు ఫోన్ చేయండి.

నేను చెప్పినవన్నీ ఇంగ్లిష్‌వే. పగలు మీరు పదిపేజీలు చదివి, రాత్రి ఆమెకు తెలుగులో చెప్పండి.

ప్రశ్న: నాకు షోగ్రెన్ సిండ్రోమ్, కళ్లు, నోరు పొడిబారిపోయే ఆటోఇమ్యూన్ జబ్బు. పుస్తకం పట్టుకుంటే రెండు పేజీలకే కళ్లు మంట, తల మొద్దుబారిపోతుంది. ఒకప్పుడు రోజుకో పుస్తకం చదివేదాన్ని. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మొద్దుబారడం గురించి డాక్టరుకు చెప్పండమ్మా. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, నిద్ర చాలకపోయినా అలా ఉంటుంది, వాటికి వైద్యం ఉంది. కళ్లు పొడిబారడం ఈ జబ్బులో మామూలే కాబట్టి ఆడియో పుస్తకాలు వినండి, కళ్లు మూసుకుని వినొచ్చు. చదవాలనే ఉంటే టోనీ బెర్న్‌హార్డ్ ‘హౌ టు బి సిక్’ తీసుకోండి. ఆవిడ లా ప్రొఫెసర్, 2001లో పారిస్ ప్రయాణంలో జబ్బుపడి మళ్లీ కోలుకోలేదు. పుస్తకం మంచం మీదే రాశారు. అందరూ బయటికి వెళుతుంటే కలిగే అసూయ గురించి అంత నిజాయితీగా రాసినవాళ్లను నేను చూడలేదు. ఒక రోజుకు ఒకటి రెండు పేజీలు చాలు. నేనైతే పుస్తకాన్ని ఒళ్లో దిండు మీద ఆనించుకుని, వేళ్లు కాస్త సాగే పదకొండు గంటల వేళే చదువుతాను.