నిద్రలో మెదడు కాండం కూడా పడుకుంటుందా?

మనం నిద్రపోతే, మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం కూడా విశ్రాంతి తీసుకుంటుందా అని అడిగారు. లేదు. అందులో ఒక్కో రకం నాడీకణం ఒక్కోలా నడుచుకుంటుంది. మెలకువకూ ఈ కాండానికీ సంబంధం ఉంది: 1949లో మొరూజీ, మగూన్ అనే శాస్త్రవేత్తలు మత్తులో ఉన్న పిల్లుల మెదడు కాండానికి సన్నగా కరెంటు ఇస్తే, మెదడు తరంగాలు మెలకువలో ఉన్నట్టు మారిపోయాయి.

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణాల గుంపు ఉంది. అందులో నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు మెలకువలో, నింపాదిగా ఉన్నప్పుడు, సెకనుకు సుమారు 1 నుంచి 3 సార్లు విద్యుత్ సంకేతం పంపుతాయి. శ్రీకాకుళం బస్టాండులో వెనకనుంచి హారన్ మోగిందా, ఒక్కసారిగా జోరందుకుంటాయి. కునుకు పట్టగానే నెమ్మదిస్తాయి. కలల నిద్రలో దాదాపు మౌనం. సెరటోనిన్ కణాలదీ అదే దారి.

అసిటైల్‌కోలిన్ కణాల్లో చాలావాటి తీరు వేరు. గాఢనిద్రలో తగ్గి, కలల నిద్రలో మెలకువలో ఉన్నంత చురుకవుతాయి. నాకు ఎప్పటికీ అబ్బురంగా తోచేది ఇదే.

ఆ కలల నిద్రలోనే, మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం నుంచి బయల్దేరే సంకేతాలు, కండరాలను కదిపే వెన్నుపాము కణాలను అణిచిపెడతాయి. మధ్యాహ్నం అరుగు మీద పడుకున్న మా చెల్లెలి బాబును చూశాను: రెప్పల కింద కళ్లు చకచకా తిరుగుతున్నాయి, చెయ్యి ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోయింది. కళ్ల కండరాలు, ఊపిరి పీల్చే కండరమైన డయాఫ్రమ్ మాత్రం ఈ అణచివేతకు పెద్దగా లొంగవు. అందుకే ఊపిరి ఆడుతూనే ఉంటుంది.