2012 వ్యాగన్ ఆర్‌కు ఫస్ట్ పార్టీ ఇన్సూరెన్స్ కట్టాల్నా, థర్డ్ పార్టీ సరిపోతదా?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. 2012 మోడల్ వ్యాగన్ ఆర్, ఏపీ 36 నంబరు, కాజీపేటల ఉంటున్నవ్, ఎన్‌సీబీ (క్లెయిమ్ వెయ్యని ఏండ్లకు ఇచ్చే డిస్కౌంట్) 50 శాతం ఉన్నది, ఏజెంట్ ఫస్ట్ పార్టీకి (మన బండి నష్టం కూడా కలిసింది) 5,500 దాకా అన్నడు, ఉట్టి థర్డ్ పార్టీ (అవతలోళ్ళ నష్టానికే) అయితే 2,800 అన్నడు, ఐడీవీ (బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే విలువ) 1,40,000 పెట్టిండు, ఏది కట్టాలె అని. కింద కామెంట్లల్ల అప్పుడే నలుగురు "పాత బండికి థర్డ్ పార్టీ చాలు బ్రో" అని రాసేసిన్రు. ఆ మాట నేను ఒప్పుకోను, అట్లని ఏజెంట్ చెప్పింది కళ్ళు మూసుకొని కట్టు అని కూడా అనను. బండి వయసు చూసి తీసుకునే నిర్ణయం కాదు ఇది, నీ బండి రాత్రిపూట ఎక్కడ ఆగుతది, రేపు అది మొత్తానికే పోతే ఇంకో లక్షన్నర పెట్టి వేరేది కొనే తాకత్ నీకు ఉన్నదా, ఈ రెండే చూడాలె.

ముందు థర్డ్ పార్టీ సంగతి, ఇండ్ల ఆలోచించుడు ఏం లేదు, కట్టాల్సిందే. మోటార్ వెహికల్స్ యాక్ట్ 146 సెక్షన్ ప్రకారం తప్పనిసరి, లేకుంట దొరికితే మొదటిసారి 2,000 ఫైన్ లేదా మూడు నెల్ల దాకా జైలు లేదా రెండూ, మళ్ళ దొరికితే 4,000. కానీ ఫైన్‌కు భయపడి కట్టేది కాదు ఇది. మన బండి తగిలి ఎవరన్న పోయిన్రనుకో, యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత కంపెనీ ఇస్తది, ప్రాణానికి, దెబ్బలకు లిమిట్ లేదు, అవతలోళ్ళ ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల దాకనే. పాలసీ లేకపోతే ఆ పైసలు మన ఇల్లు జాగ మీదికి వస్తయ్. రేటు కూడా కంపెనీ ఇష్టం కాదు, 2022 జూన్ 1 నుంచి పెట్టిన లెక్క ప్రకారం 1000 సీసీ లోపు కారుకు 2,094, 1000 నుంచి 1500 దాకా 3,416, 1500 దాటితే 7,897, వీటిమీద 18 శాతం జీఎస్టీ. నీది 998 సీసీ కాబట్టి 2,471 అయితది, మిగతాది ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్‌ది. ఆ కవర్ నీకు వేరే బండి మీద ఇప్పటికే ఉంటే, లేకుంటే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ వేరేగ ఉంటే, మళ్ళ కట్టే అవసరం లేదు, ఈ ముక్క చానమంది ఏజెంట్లు అడిగితేగాని చెప్పరు.

ఇగ అసలు లెక్క, ఓన్ డ్యామేజ్, అంటే ఫస్ట్ పార్టీల మన బండి నష్టానికి కట్టే భాగం. పాత టారిఫ్ (ఒకప్పుడు అన్ని కంపెనీలకు ఒకటే ఉన్న రేట్ల పట్టిక) రేటే ఇప్పటికీ చాన కంపెనీలకు మూలం, దానిమీద ఎవరి డిస్కౌంట్ వాళ్ళు ఇస్తరు. హైదరాబాద్ జోన్ ఏ, మన వరంగల్ జోన్ బీ, అందుకే మనకు కొంచెం తక్కువ పడతది (ఇదొక్క దాంట్లనన్న మనకు లాభం ఉన్నది). జోన్ బీల 1000 సీసీ లోపు, పదేండ్లు దాటిన కారుకు 3.267 శాతం. నీ 1,40,000 ఐడీవీ మీద 4,574, ఎన్‌సీబీ సగం పోతే 2,287, జీఎస్టీతో 2,700. ఏజెంట్ చెప్పిన తేడా సరిగ్గ అదే, అంటే ఆయన నిన్ను ఏం ముంచుతలేడు, కాకపోతే డిస్కౌంట్ కూడా ఏం ఇయ్యలేదు. ఇంకో రెండు కంపెనీలల్ల కొటేషన్ తీస్కొని ఆయనకు చూపెట్టు, చాన సార్లు దిగుతరు.

అయితే ఏడాదికి 2,700 పెట్టి ఏం కొంటున్నవ్ అనేది చూడు. చిన్న సొట్టలు, గీతలకు అనుకుంటే మాత్రం దండగ. ఎట్లనంటే, పాత బండి పార్టులకు తరుగు కోస్తరు, ప్లాస్టిక్, రబ్బర్, బ్యాటరీ, టైర్లకు వయసుతో పని లేకుంట సగం, ఇనుప సామాన్లకు పదేండ్లు దాటినంక సగం, అద్దానికి మాత్రం కోయరు. ఒక లెక్క చెప్త, ఎవలన్న ముందలకెళ్ళి గుద్దిన్రు, షెడ్డుల బిల్లు 22,000 అయింది అనుకో. బంపర్, హెడ్‌లైట్ 8,000 అయితే 4,000 వస్తది, ఫెండర్, బానెట్ 7,000 అయితే 3,500, పెయింటింగ్ 4,000ల మెటీరియల్ కింద పావు వంతు లెక్కవెట్టి దాంట్ల సగం కోస్తే 3,500, లేబర్ 3,000 మొత్తం ఇస్తరు. అన్ని కలిపి 14,000, దాంట్లకెళ్ళి తప్పనిసరి డిడక్టబుల్ (ప్రతి క్లెయిమ్‌ల మనమే పెట్టుకోవాల్సింది) ఇంకో వెయ్యి పోతది, నీ చేతికి వచ్చేది 13,000. ఇంతటితోని అయిపోలేదు, ఒక్క క్లెయిమ్ వేసినవంటే 50 శాతం ఎన్‌సీబీ సున్న అయితది, మళ్ళ 20, 25, 35, 45 అనుకుంట యాభైకి ఎక్కేసరికి అయిదేండ్లు, ఆ అయిదేండ్లల్ల ఎక్కువ కట్టింది అంతా కూడితే ఆరు వేలు అటిటు. అంటే 22,000 బిల్లుకు నీకు నికరంగ మిగిలింది ఏడు వేలు. అందుకే పది పన్నెండు వేల లోపు పనికి నేనైతే క్లెయిమ్ జోలికి పోను, మన షెడ్లల్ల డెంటింగ్ చేసేటోళ్ళు దాంట్ల సగానికే మంచిగ చేసిస్తరు. కోతులు దుంకి టాప్ సొట్టపోయిందని క్లెయిమ్ వేసినోడు మా గల్లీల ఒకడున్నడు, ఇయ్యాల్టికి బాధపడుతడు.

జీరో డెప్, అదే బంపర్ టు బంపర్ అంటరు చూడు, అది పెట్టుకుంటే తరుగు కోయరు గని ఇంత పాత బండికి దాదాపు ఎవ్వరు ఇయ్యరు. ఏజెంట్ ఇస్త అన్నడంటే పాలసీ కాగితం మీద ఆ పేరు ఉన్నదా లేదా చూసినంకనే పైసలు కొట్టు.

మరి ఆ 2,700 దేనికి అంటే, బండి మొత్తానికే పోయే రోజు కోసం. ఎత్తుకపోవుడు, కాలిపోవుడు, మునిగిపోవుడు. మొదటి రెండు మన దిక్కు అరుదే అనుకో, మూడోది వరంగల్‌ల ఉండేటోళ్ళకు చెప్పాల్నా? 2020 ఆగస్టుల చూసినం, 2023 జూలైల మళ్ళ చూసినం, అప్పుడు భద్రకాళి చెరువు కట్టనే తెగింది. మాది నయీంనగర్ నాలా దిక్కు. ఆ జూలైల తెల్లారి లేచి చూసేసరికి గల్లీల ఉన్న మా పాత ఐ10 సీట్ల దాక నీళ్ళల్ల ఉన్నది. ఫస్ట్ పార్టీ ఉన్నది, ఐడీవీ 1,60,000. నీళ్ళు తీసినంక అందరు చేసేది ఏంటిది, తాళం పెట్టి తిప్పి చూస్తరు. మా మెకానిక్ ముందే ఫోన్ల మొత్తుకున్నడు, ముట్టుకోకు అన్న, బ్యాటరీ వైరు తీసెయ్, న్యూట్రల్ల వెట్టి తోపుచ్చుకొని రా అని. ఎందుకంటే నీళ్ళు దూరిన ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే లోపల రాడ్లు వంగిపోతయ్, దాన్ని కంపెనీలు వరద నష్టం కింద ఒప్పుకోవు, నువ్వు స్టార్ట్ చేసుడు వల్ల అయింది అని పక్కన పెడతరు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని వేరే యాడ్ ఆన్ ఉంటది, అది కూడా పాత బండ్లకు దొరుకుడు కష్టమే.

ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పి, క్రేన్‌తోని షెడ్డుకు గుంజుకపోయినం. సర్వేయర్ (నష్టం లెక్కగట్టేటోడు) వచ్చుడు లేటయింది, అందరి బండ్లు మునిగినయ్ గద. వైరింగ్, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్), సీట్లు, ఇంజన్ అన్ని రాస్తే ఎస్టిమేట్ ఐడీవీల 75 శాతం దాటింది, అట్ల దాటితే టోటల్ లాస్ కింద లెక్క, రిపేరు చెయ్యరు, ఐడీవీ ఇస్తరు. మొదలు సర్వేయర్ "బండి మీరే వెట్టుకోన్రి, తుక్కు ధర కోసుకొని ఇస్తం" అన్నడు, వాళ్ళు చెప్పిన తుక్కు ధర మస్తు ఎక్కువ అనిపించింది, మాకొద్దు బండి మీరే తీస్కపోన్రి అన్నం, జర లొల్లి అయింది గని వెయ్యి డిడక్టబుల్ పోను మిగతాది ఖాతాల వడ్డది. అట్ల బండి అప్పజెప్పినప్పుడు ఒక జాగ్రత్త, ఆర్‌సీ ఆర్టీఏల క్యాన్సిల్ అన్న కావాలె, కొన్నోడి పేరు మీదికన్న మారాలె, లేకపోతే ఎవడో దాన్ని బాగు చేయించుకొని నీ పేరు మీదనే తోలుతడు, రేపు ఏదన్న అయితే నోటీసు నీ ఇంటికి వస్తది.

ఇండ్లకెళ్ళి నాకు అర్థమైంది ఏందంటే పాత బండి పాలసీల చూడాల్సిన అంకె ప్రీమియం కాదు, ఐడీవీ. అయిదేండ్లు దాటినంక ఐడీవీకి పట్టిక లేదు, నువ్వు కంపెనీ కలిసి ఒప్పుకునే అంకె అది. ఏజెంట్లు ప్రీమియం తక్కువ చూపెట్టనీకి లక్షన్నర బండికి 80,000 వెడతరు, దాంతోని 50 శాతం ఎన్‌సీబీ లెక్కన నీకు మిగిలేది 1,350 దాకనే, బండి పోయిననాడు పోయేది డెబ్బై వేలు. అట్లని రెండున్నర లక్షలు వెట్టుమని పట్టుపట్టినా లాభం లేదు, సర్వేయర్‌తోని లొల్లి తప్ప. నీ మోడల్, నీ సాలు బండి హన్మకొండల ఎంతకు అమ్ముడువోతున్నదో తెలుసుకొని దాని దగ్గర్ల పెట్టించు.

ఇప్పుడు దీనికి ఉల్టా చెప్త. మా బావ పరకాల కాడ ఉంటడు, ఆయనది 2009 ఆల్టో, ఇల్లు ఎత్తు మీద, షెడ్డుల ఆగుతది, నెలకు రెండుసార్లు బయటికి తీస్తే ఎక్కువ, అమ్మితే అరవై వేలు రావు. ఆయన ఉట్టి థర్డ్ పార్టీ మీదనే తోలుతడు, నేను కూడా సరే అన్న. అరవై వేల బండి పోతే ఆయనకు ఆగమయ్యేది ఏం లేదు. కాకపోతే ఒక్కటి పెట్టించిన, కారుల కూర్చునేటోళ్ళకు పర్సనల్ యాక్సిడెంట్ కవర్.

ఇది ఎవ్వరు చెప్పరు కాబట్టి జర వివరంగ చెప్త. ఉట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉన్న సొంత కారుల కూర్చున్న మనోళ్ళు "థర్డ్ పార్టీ" కిందికి రారు, ప్యాకేజీ పాలసీ (అదే ఫస్ట్ పార్టీ) అయితే వస్తరు, సుప్రీం కోర్టు దాక పోయి తేలిన ముచ్చట ఇది. ఇసుక లారీ వచ్చి మనల గుద్దితే ఆ లారీ ఇన్సూరెన్స్ మీద కేసు వేస్తం, అది వేరే. మనమే నిద్రమబ్బుల చెట్టుకు కొట్టినమనుకో, పక్కన కూర్చున్న అత్తమ్మకు, ఎనుక ఉన్న పిల్లలకు థర్డ్ పార్టీ పాలసీలకెళ్ళి రూపాయి రాదు. మేడారం జాతరకు పోయేటప్పుడు కారుల ఎంతమందిమి ఎక్కుతమో నీకు తెల్వదా, పస్రా దాటినంక ఆ ట్రాఫిక్‌ల రాత్రంత నడుపుతం. కాబట్టి ఓన్ డ్యామేజ్ తీసేసే పనైతే అన్‌నేమ్డ్ ప్యాసింజర్ కవర్ (పేర్లు రాయకుంట కారుల కూర్చున్నోళ్ళకు వర్తించేది) సీటుకు 2 లక్షల దాక ఉంటది, అది అడిగి వేయించు, దానికి పెద్ద ఖర్చు కాదు. జాతరకో పెండ్లికో తెల్ల ప్లేటు బండి కిరాయికి ఇచ్చే అలవాటు ఉంటే మాత్రం మానుకో, కిరాయిల ఉన్నదని తేలితే ఫస్ట్ పార్టీ ఉన్నా నీ బండి క్లెయిమ్ కొట్టేస్తరు.

ఇంకో రెండు ముక్కలు. బండి నువ్వు సెకండ్ హ్యాండ్ కొన్నవా మొదటి నుంచి నీదేనా రాయలేదు. సెకండ్ హ్యాండ్ అయితే పాలసీ ఇంకా పాతోడి పేరు మీదనే ఉన్నదేమో చూసుకో, థర్డ్ పార్టీ అయితే బండితో పాటు నీకు వస్తది గని ఓన్ డ్యామేజ్ రాదు, 14 రోజులల్ల మార్పించుకోవాలె, పాతోడి ఎన్‌సీబీ కూడా నీది కాదు, అది మనిషిది, బండిది కాదు. ఆ 50 శాతం నీది కాకపోతే పైన చెప్పిన లెక్క మారి తేడా 5,400 అయితది, అప్పుడు నా సలహా కూడా మారొచ్చు. గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్‌సీల, పాలసీల రెండిట్ల ఎక్కిందా చూడు, ఎక్కకపోతే బండి కాలితే క్లెయిమ్ రాదనే అనుకో.

నీ కాడికి వస్తే, ఎన్‌సీబీ నిజంగ నీదే అయ్యి, బండి నాలా పక్కకో చెరువు కిందికో ఉన్న గల్లీల ఆగుతుంటే, 2,700 కట్టెయ్, 1,40,000 ఐడీవీ తగ్గించనీయకు, చిన్న సొట్టలకు క్లెయిమ్ వెయ్యకు. అపార్ట్‌మెంట్ సెల్లార్ అయినా అంతే, ఎత్తు మీద ఉన్న ఏరియా అయినా సెల్లార్ సెల్లారే, ముందు నీళ్ళు అండ్లకే వస్తయ్. ఎత్తు మీద సొంత జాగల ఆగుతది, పోతే కొనుక్కునే పైసలు బ్యాంకుల ఉన్నయ్ అంటే థర్డ్ పార్టీ, ప్యాసింజర్ కవర్ వేయించుకొని ఆ మిగిలిన పైసలు టైర్లకు, బ్రేకులకు పెట్టు.

ఏది చేసినా రెన్యువల్ తారీకు దాటనియ్యకు. దాటితే ఫస్ట్ పార్టీకి మళ్ళ బండి ఇన్‌స్పెక్షన్ అంటరు, ఉన్న సొట్టలన్ని రాసుకుంటరు, 90 రోజులు దాటితే 50 శాతం ఎన్‌సీబీ మొత్తం పోతది. వచ్చే ఏడాది బండి అమ్మి కొత్తది కొనే ఆలోచన ఉంటే కూడా ఇది యాదుంచుకో, ఇప్పుడు ఫస్ట్ పార్టీ నడిపిస్తే ఆ 50 శాతం కొత్త బండికి తెచ్చుకోవచ్చు, ఏడెనిమిది లక్షల కారు మీద టారిఫ్ రేటు లెక్కన అది పదివేల దాకా ఉంటది.