యాంప్లిఫయర్ గెయిన్ సగానికి పెడితే సరిపోతుందా?

కారులో కొత్తగా సబ్‌వూఫర్ (బేస్ శబ్దాల కోసం పెట్టే పెద్ద స్పీకర్) పెట్టించానని, యాంప్లిఫయర్ మీది గెయిన్ స్క్రూను సగం వరకు తిప్పాలా, పూర్తిగా తిప్పాలా అని మీరు అడిగారు. సగం, ముప్పావు అనే లెక్క దీనికి పనికిరాదు. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ ఎన్ని వోల్టులకు చేరినప్పుడు యాంప్లిఫయర్ తన పూర్తి శక్తిని ఇవ్వాలో ఆ స్క్రూ నిర్ణయిస్తుంది. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే నా మొదటి సబ్‌వూఫర్ కాలిపోయేది కాదు.

దానిని సికింద్రాబాద్‌లో రాణిగంజ్ వైపు ఒక దుకాణంలో బిగించారు. పని చేసిన కుర్రవాడు "బేస్ మస్తుగ కొడతది సార్" అంటూ స్క్రూను చివరిదాకా తిప్పి, బేస్ బూస్ట్ కూడా పూర్తిగా పెంచి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆ ఆదివారమే గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుండగా, వార్నిష్ మాడినట్లు ఘాటైన వాసన వచ్చింది. క్లచ్ కాలుతోందేమోనని భయపడి, తరువాతి ఎగ్జిట్‌లో దిగి డిక్కీ తెరిచి చూస్తే, వాసన సబ్‌వూఫర్ పెట్టె నుంచి వస్తోంది. కోన్‌ను వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) గీరుకుంటున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

కారణం ఆ స్క్రూ దగ్గరే రాసి ఉంది. దాని చివరి గుర్తు 0.2 వోల్టులు, నా స్టీరియో ఇచ్చేది గరిష్ఠంగా 4 వోల్టులు. అంటే స్టీరియో వాల్యూమ్ ఇంకా తక్కువగా ఉండగానే యాంప్లిఫయర్ తన హద్దును చేరుకుంటోంది. ఆపైన వాల్యూమ్ ఎంత పెంచినా తరంగాల తలలు తెగి బల్లపరుపు అవుతాయే తప్ప ఎదగవు. పూర్తిగా చతురస్రంగా మారిన తరంగం అదే ఎత్తున్న సైన్ తరంగం (తల తెగని నున్నని అల) కంటే రెట్టింపు శక్తిని కాయిల్‌లోకి పంపుతుంది, ఆ వేడిని కాయిల్ తట్టుకోలేదు.

తరువాత కోఠి గుజరాతీ గల్లీలో మల్టీమీటర్ కొని, కొత్త సబ్‌వూఫర్‌కు నేనే సరిచేసుకున్నాను. ముందుగా బేస్ బూస్ట్, లౌడ్‌నెస్, ఈక్వలైజర్ అన్నీ సున్నాకు తెచ్చి, గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, సబ్‌వూఫర్ తీగలు ఊడదీశాను. ఇంజన్ నడుస్తుండగా, 40 వరకు వెళ్లే స్టీరియో వాల్యూమ్‌ను 30 దగ్గర ఉంచి, పెన్‌డ్రైవ్‌లో వేసుకున్న 50 హెర్ట్జ్ టోన్‌ను మోగించాను. నా సబ్‌వూఫర్ 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఎడతెగకుండా మోయగలిగే శక్తి), నిరోధం 4 ఓమ్‌లు. వాటిని గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 34.6 వోల్టులు వస్తుంది. మీటర్‌ను ఏసీ వోల్టులలో పెట్టి, యాంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర 34 చూపేవరకు స్క్రూను కొద్దికొద్దిగా తిప్పి ఆపాను. యాంప్లిఫయర్ శక్తి సబ్‌వూఫర్ కంటే తక్కువైతే, యాంప్లిఫయర్ వాట్లనే లెక్కలోకి తీసుకోవాలి. మీటర్ వోల్టులనే చూపుతుంది, తల తెగిన తరంగాన్ని పట్టుకోలేదు. అందుకు తరంగం ఆకారాన్ని తెరమీద చూపే ఆసిలోస్కోప్ కావాలి.

ఈ లెక్కకు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే "మ్యాక్స్" వాట్లను దయచేసి వాడకండి. కొనేవారిని ఆ అంకె తప్పుదారి పట్టిస్తోందని నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే స్పీకర్ ఎడతెగకుండా మోయగలిగేది ఆర్‌ఎంఎస్ మాత్రమే. మీటర్ పెట్టి చూపించని దుకాణం నుంచి కారును తీసుకోకూడదన్నది కూడా నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు నా గెయిన్ స్క్రూ పావు వంతు కూడా తిరగలేదు. అయినా వాల్యూమ్ 25 దాటితే వెనుక అద్దం అదురుతుంది.