కప్లర్ ముందుకీ వెనక్కీ జరుగుతోంది, రివర్స్‌లో చక్రాలు పట్టేస్తున్నాయి: వెల్డింగ్ చేయించాలా?

డాలస్‌లో వాడిన బోట్ ట్రైలర్ కొన్నానని, కప్లర్ (ట్రక్కు వెనకున్న బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) వదులుగా కదులుతోందని, ఇంటి ముందు ఎత్తుగా ఉన్న డ్రైవ్‌వేలోకి రివర్స్ చేస్తే చక్రాలు బిగుసుకుంటున్నాయని, ఎవరో దాన్ని వెల్డింగ్ చేయించేయమన్నారని రాశారు. అండీ, ఆ పని మాత్రం చేయించకండి. ఆ కదలికే మీ ట్రైలర్‌కి బ్రేకు.

నేను లూయిస్‌విల్ లేక్‌కి తీసుకెళ్లేది కూడా సర్జ్ బ్రేకుల ట్రైలరే. ట్రక్కు స్లో అయినప్పుడు వెనకున్న బరువు ముందుకు తోస్తుంది, ఆ తోపుకి కప్లర్ లోపలికి జరిగి బ్రేక్ ఫ్లూయిడ్ ఉండే మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది, ఫ్లూయిడ్ ప్రెషర్ చక్రాలకి వెళ్తుంది. నీళ్లలో మునిగే ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకుల కన్నా ఇదే నయం. కానీ ఎత్తుకి రివర్స్ చేసినా అదే తోపు కదా, అందుకే పట్టేస్తోంది.

దీన్ని ఆపడానికి కప్లర్ దగ్గర ఒక సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) ఉంటుంది. మీ ట్రక్కు రివర్స్ లైటు వెలగగానే దానికి కరెంటు వెళ్లి, ఫ్లూయిడ్ వెళ్లే దారి మూసేస్తుంది. ముందు ట్రైలర్ వైర్లని ట్రక్కుకి కలిపే ప్లగ్ చూడండి. ట్రైలర్ వైపు ఐదు పిన్నులుండి ట్రక్కు వైపు నాలుగే ఉంటే, అది చక్కగా దూరిపోతుంది, లైట్లన్నీ వెలుగుతాయి, సోలెనాయిడ్‌కి వెళ్లే ఐదో వైరు మాత్రం గాల్లో ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి వైరింగ్ బాగానే ఉందనుకుంటారు. ట్రక్కుకి ఏడు పిన్నుల సాకెట్ ఉంటే ఐదు పిన్నుల అడాప్టర్ కొనండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేర్ వేయండి, ఇంకొకరిని కప్లర్ పక్కన నిలబెట్టండి: టిక్‌మని వినపడాలి. రివర్స్‌కి ముందు ఒక అడుగు ముందుకు పోనిచ్చి కప్లర్ బయటికి లాగబడేలా చేయండి, లేకపోతే ప్రెషర్ లోపలే చిక్కుకుంటుంది.

పాత మోడళ్లలో సోలెనాయిడ్ బదులు, కప్లర్ లోపలికి జరగకుండా చేత్తో పెట్టే పిన్ను ఉంటుంది. అది తీయకుండా హైవే ఎక్కితే ట్రైలర్‌కి బ్రేకులే లేనట్టు, అందుకే నాకు ఆ పిన్ను అంటే భయం.

మీరు అడగలేదు గానీ, బాల్ సైజు కూడా చూసుకోండి. 2 అంగుళాల బాల్ మీద 2 5/16 అంగుళాల కప్లర్ కూర్చుంటుంది, లాచ్ కూడా పడుతుంది, ఏదో ఒక గతుకులో ఎగిరిపోతుంది. రెండిటి మీదా సైజు చెక్కి ఉంటుంది, చదవండి. లాచ్ వేశాక జాక్‌తో ట్రైలర్ ముందు భాగాన్ని కొంచెం పైకి లేపితే ట్రక్కు వెనక కూడా దానితో లేవాలి. సేఫ్టీ చైన్లు కప్లర్ కింద అడ్డంగా దాటించండి, ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే కేబుల్‌ని మాత్రం చైన్లకి కాకుండా విడిగా ట్రక్కుకే తగిలించండి.