యాప్ ‘వచ్చేసింది’ అంటే నమ్మొచ్చా?

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. లెక్కల యాప్‌లో భిన్నాల పాఠం పక్కన పచ్చ టిక్కు పడింది, ఇక పూర్తిగా వచ్చేసినట్టేనంది. తీరా స్కూలు పరీక్షలో అవే లెక్కలు తప్పు చేశాడు. అసలు వాడికి వచ్చిందో లేదో యాప్‌కి ఎలా తెలుస్తుంది సార్?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తెలియదమ్మా, ఊహిస్తుంది. మీ యాప్ లోపల ఏ లెక్క నడుస్తోందో ఆ కంపెనీయే చెప్పాలి గానీ, ఈ రంగంలో అందరూ మొదట చెప్పుకునే పద్ధతి ఒకటుంది. 1990ల మధ్యలో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కార్బెట్, ఆండర్సన్ అనే ఇద్దరు తయారుచేశారు. పేరు బేయీసియన్ నాలెడ్జ్ ట్రేసింగ్. పేరు చూసి టెన్షన్ పడక్కర్లేదు, అందులో ఉన్నవి నాలుగే అంకెలు: పిల్లాడికి ఆ విషయం ముందే వచ్చి ఉండే అవకాశం, ఒక్కో లెక్క చేసినప్పుడు కొత్తగా వచ్చే అవకాశం, రాకపోయినా గుడ్డిగా కొట్టిన జవాబు తగిలే అవకాశం, వచ్చినా పరధ్యానంలో తప్పు చేసే అవకాశం. వేలమంది పిల్లల పాత జవాబులు చూసి మెషీన్ ఈ నాలుగింటినీ నేర్చుకుంటుంది.

ఉదాహరణకి నేనే అంకెలు వేస్తాను. మొదటి అవకాశం 40 శాతం, కొత్తగా వచ్చేది 15, గుడ్డిగా తగిలేది 20, పరధ్యానం 10 అనుకోండి. బాబు ఒక లెక్క కరెక్టుగా చేస్తే 40 కాస్తా దాదాపు 79 అవుతుంది. రెండోదీ కరెక్టైతే 95 దాటుతుంది. చాలా చోట్ల 95 దగ్గరే ‘వచ్చేసింది’ అని గీత గీస్తారు, అంటే రెండే రెండు లెక్కలకి పచ్చ టిక్కు! అదే మొదటిది తప్పు చేసి ఉంటే 22కి పడిపోయేది.

మీవాడి విషయంలో నాకు అనుమానం మాత్రం ఇంకో చోట ఉంది. అసలు పద్ధతిలో మర్చిపోవడం అనేదే లేదు, ఒకసారి వచ్చిందంటే ఇక ఎప్పటికీ వచ్చినట్టే! ఆరో తరగతి పిల్లల్ని చూసినవాళ్లెవరైనా ఇది ఒప్పుకుంటారా? (మరుపును లెక్కలోకి తీసుకునే రకాలు తర్వాత వచ్చాయి, మీ యాప్ వాళ్లు వాడుతున్నారేమో అడగండి.) పైగా హింట్ బటన్ వరసగా నొక్కుకుంటూ పోయి, చివరి హింట్‌లో ఉన్న జవాబు దింపేసే పిల్లలూ ఉంటారు, దానిమీద పెద్ద పరిశోధనే జరిగింది. టిక్కు పడ్డాక రెండు వారాలు ఆగి, ఫోన్ పక్కన పెట్టించి, కాగితం మీద ఐదు లెక్కలు ఇవ్వండి. వాటిని నమ్మండి.

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టుగా, పిల్లలకి ఎంత వచ్చో ఊహించే ఇలాంటి మోడలే చేస్తున్నాం. డీప్ లెర్నింగ్ పెడితేనే మార్కులొస్తాయని ఫ్రెండ్స్ అంటున్నారు.
– బీటెక్ విద్యార్థి, విజయవాడ

జవాబు: 2015లో స్టాన్‌ఫర్డ్ నుంచి, ఇదే ఊహని డీప్ లెర్నింగ్‌తో చేసే డీప్ నాలెడ్జ్ ట్రేసింగ్ వచ్చినప్పుడు అందరూ అటే పరిగెత్తారు, పాత పద్ధతిని చిత్తుగా ఓడించినట్టే కనిపించింది మరి. ఏడాది తిరిగేసరికి ఖాజా, లిండ్సే, మోజర్ అనే పరిశోధకులు ఆ పాత పద్ధతికే మరుపు లాంటి కొన్ని చేర్పులు చేసి చూస్తే తేడా దాదాపు మాయమైంది. అప్పట్లో అందరూ వాడిన అసిస్ట్‌మెంట్స్ (ఆన్‌లైన్ లెక్కల ట్యూటర్) డేటాలో ఒకే జవాబు రెండేసి వరసల్లో పడి ఉండటంతో కొత్త మోడల్ స్కోరు ఉన్నదానికంటే ఎక్కువ కనిపించిందని కూడా తేలింది. కాబట్టి ముందు ఆ నాలుగంకెల మోడల్ రాయండి, తర్వాత డీప్ లెర్నింగ్ పెట్టి రెండూ పోల్చండి. డేటాని విడగొట్టేటప్పుడు విద్యార్థులవారీగా విడగొట్టండి. ఒకే పిల్లాడి జవాబులు ట్రైనింగ్‌లో సగం, టెస్టులో సగం పడితే, కొత్త పిల్లాడి మీద మీ మోడల్ ఎలా ఉంటుందో ఆ స్కోరు చెప్పదు.

ప్రశ్న: పిల్లలకి ఎంత వచ్చో ఊహించడం సరే. ఎలా చెప్పాలో కూడా మెషీనే నేర్చుకుంటుందా?
– రిటైర్డ్ టీచర్, మచిలీపట్నం

జవాబు: ప్రయత్నం 2000 నాటికే జరిగింది మాస్టారూ. మసాచుసెట్స్ యూనివర్సిటీలో జోసెఫ్ బెక్, తోటివాళ్లు అడ్వైజర్ అని ఒకటి చేశారు, యానిమల్‌వాచ్ అనే లెక్కల ట్యూటర్ కోసం. అందులో ఒక భాగం, ఈ లెక్కకి ఈ పిల్లవాడు ఎంతసేపు తీసుకుంటాడు, కరెక్టుగా చేస్తాడా అని ఊహిస్తుంది. రెండో భాగం ఆ ఊహల మీదే సాధన చేసి, ఏ లెక్క ఇవ్వాలి, ఏ హింట్ ఇవ్వాలి అని నేర్చుకుంటుంది. లెక్కకి పట్టే సమయం తగ్గించమని లక్ష్యం పెట్టారు, తగ్గించింది. కానీ సమయం ఒక్కటే లక్ష్యమైతే సులువైన లెక్కలిచ్చినా తగ్గుతుంది కదా! ఏది లక్ష్యంగా పెట్టాలో మాత్రం మెషీన్‌కి తెలియదు. అది మీలాంటివాళ్లు కూర్చుని చెప్పాల్సిన సంగతి, యాప్ కంపెనీల్లో ఆ కుర్చీ ఎక్కువగా ఇంజనీర్లకే ఇస్తున్నారన్నది నా ఫిర్యాదు.